నాలుగు వేల ఫొటోల్లో ఏ నలభై?

శ్రావణం ముహూర్తాలతో కల్యాణ మండపాలు నిండిపోయాయి. ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. ఫొటో తీయడం ఇంత తేలికైన కాలం మునుపెన్నడూ లేదు. తీసినవాటిలో ఏవి ఉంచుకోవాలో తేల్చుకోవడం ఇంత కష్టమైన కాలమూ లేదు. కెమెరా పని అయిపోయాక మొదలయ్యే ఆ రెండో పని గురించే ఈ వారం ముఖచిత్ర కథనం.

రాత్రి భోజనాలయ్యాయి. హాల్లో చాపలు పరిచారు. స్టూడియోవాళ్లు ఇచ్చిన పెన్‌డ్రైవ్‌ని పెళ్లికూతురి తమ్ముడు టీవీ వెనక పెట్టాడు. పెళ్లయి మూడు వారాలైంది. ఆల్బమ్‌లో వేయడానికి మూడు వందల ఫొటోల నంబర్లు రాసి పంపమని స్టూడియో నుంచి ఇప్పటికే రెండుసార్లు ఫోన్ వచ్చింది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి నాలుగు వేల పైమాటే. పిన్ని ఒళ్లో నోట్‌బుక్కు పెట్టుకుని పెన్ను మూత తీసింది.

మొదటి ఫొటోలో పసుపు దంచే రోలు. రెండోదీ అదే. మూడోదాంట్లో రోకలి కాస్త పైకి లేచింది.

"ఇది రాయి పిన్నీ."

"ఇందాక రాసిందీ ఇలాంటిదే కదరా?"

"అందులో అమ్మ కళ్లు మూసుకుంది."

"ఇందులో మీ పెద్దమ్మ మూసుకుంది. రెండూ రాసేస్తా, ఎవరికీ బాధ ఉండదు."

పదకొండు గంటలయ్యేసరికి నోట్‌బుక్కులో రెండు వందల నంబర్లు నిండాయి. ఇంకా పెళ్లికూతుర్ని చేసిన రోజే దాటలేదు. అప్పటిదాకా నోరు మెదపని తండ్రి అడిగాడు. "కన్యాదానం అప్పుడు మా అమ్మ నా పక్కనే కుర్చీలో కూచుంది. ఆ ఫొటో ఎక్కడుందో చూడరా."

కుర్రాడు గబగబా ముందుకు జరిపాడు. కన్యాదానానివే వందకు పైగా ఉన్నాయి. డ్రోన్ పైనుంచి తీసినవి, పూలదండల మీద నుంచి తీసినవి, నీళ్లధార ఒక్కటే కనిపించేలా దగ్గరగా తీసినవి. వాటన్నిట్లో నాయనమ్మ ఒకే ఒక్క ఫొటోలో దొరికింది. అదీ సగం మొహమే. ముందు వీడియో అతని భుజం అడ్డం.

"ఇది బాలేదు నాన్నా, బ్లర్ అయింది."

"దాని నంబరు రాయమ్మా" అన్నాడాయన, మరదలి వైపు తిరిగి.

తెలుగునాట ఏదో ఒక ఇంట్లో దాదాపు ప్రతి రాత్రీ ఇలాంటి పంచాయితీ నడుస్తూనే ఉంటుంది. పెళ్లయి రెండేళ్లయినా నంబర్లు తేలక ఆల్బమ్ రాని ఇళ్లు ఎన్నో. ఆ తండ్రి అన్న ఒక్క మాటలో ఈ వ్యవహారమంతా ఉంది. బాగా వచ్చిన ఫొటో వేరు, ఉండాల్సిన ఫొటో వేరు. మొదటిదాన్ని కెమెరా చెబుతుంది. రెండోదాన్ని మనిషే చెప్పాలి.

గాజుపలక నుంచి క్లౌడ్ దాకా

ఒకప్పుడు ఏరడమనే పని కెమెరా నొక్కకముందే అయిపోయేది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ బరువైన కెమెరాతో, గాజుపలకల పెట్టెలతో తిరిగేవారు. ఒక పలక మీద ఒక్కటే బొమ్మ. పలక పగిలితే బొమ్మ పోయినట్టే. అందుకే ఎవరు ఎక్కడ నిలబడాలి, వెలుతురు ఎటునుంచి రావాలి అన్నీ కుదిరాకే మూత తీసేవారు. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగెటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. నిజాముల కాలం నాటి హైదరాబాద్ మన కళ్లకు కడుతోందంటే అందులో ఆ పలకల పాత్ర పెద్దది.

1888లో వంద ఫొటోల రీలు నింపిన కోడాక్ కెమెరా అమ్మకానికి వచ్చింది. తర్వాత్తర్వాత మన ఇళ్లలోకి 36 ఫొటోల రీలు వచ్చింది. తిరుపతి వెళ్లొచ్చినా, అరకు వెళ్లొచ్చినా రీలు మొత్తం అయ్యేదాకా కడిగించేవాళ్లం కాదు. చివర్లో రెండు మిగిలితే ఇంటికొచ్చి పెరట్లో పిల్లల్ని నిలబెట్టి పూర్తి చేసేవాళ్లం. నొక్కిన ప్రతిసారీ డబ్బు ఖర్చయ్యేది కాబట్టి చెయ్యి దానంతటదే ఆగేది.

1975లో కోడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ తొలి డిజిటల్ కెమెరాను తయారుచేశాడు. ఒక్కో ఫొటో క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. టేపుకు 30 ఫొటోలు చాలని ఆయన నిర్ణయించుకున్నాడు. జనానికి అలవాటైన 24, 36 అనే రీలు లెక్కలకు మధ్యలో ఉండాలని ఆయన ఆలోచన. ఆ హద్దు తర్వాత పూర్తిగా చెరిగిపోయింది. 2020 నవంబరు నాటికి తమ దగ్గర 4 లక్షల కోట్ల ఫొటోలు ఉన్నాయనీ, వారానికి మరో 2,800 కోట్ల ఫొటోలు, వీడియోలు వచ్చి చేరుతున్నాయనీ గూగుల్ ప్రకటించింది. 2021 జూన్ 1 నుంచి ఉచిత అపరిమిత నిల్వను ఆపేసింది. 'స్టోరేజ్ ఫుల్' అనే సందేశం చాలామందిని పలకరించడం మొదలైంది.

నొక్కడానికి ఖర్చు లేకుండా పోయింది నిజమే. ఆ ఖర్చు చూడటం మీదికి మళ్లింది. వెనకటి రోజుల్లో డబ్బు రూపంలో కట్టినదాన్ని ఇప్పుడు సమయం రూపంలో కట్టాలి. అది కట్టే ఓపిక లేక ఫొటోలను గుట్టలుగా వదిలేస్తున్నాం.

27,000 నుంచి 83కి

ఏరడం ఎంత పెద్ద పనో తెలియాలంటే రాబర్ట్ ఫ్రాంక్ దగ్గరికి వెళ్లాలి. స్విట్జర్లాండ్‌లో పుట్టి, 1947లో అమెరికా చేరిన యువకుడు. 1955లో గుగెన్‌హైమ్ ఫెలోషిప్ దక్కింది. ఆ డబ్బుతో పాత ఫోర్డ్ కారులో దేశమంతా తిరిగాడు. హోటళ్లు, కార్ల ఫ్యాక్టరీలు, అంత్యక్రియలు, జెండా ఊరేగింపులు, తెల్లవాళ్లు ముందు నల్లవాళ్లు వెనక కూర్చున్న ట్రామ్ బండి అన్నీ కెమెరాలోకి ఎక్కాయి. ఆర్కన్సాలో పోలీసులు అనుమానించి అరెస్టు కూడా చేశారు. తిరిగి తిరిగి వచ్చేసరికి 767 రీళ్లు, దాదాపు 27,000 ఫొటోలు పోగయ్యాయి.

అసలు కష్టం న్యూయార్క్ ఇంట్లో మొదలైంది. ముందు కాంటాక్ట్ షీట్లు వేసుకున్నాడు. రీలులోని ఫొటోలన్నీ చిన్న చిన్న గళ్లలా ఒకే కాగితం మీద కనపడే షీట్లు అవి. రంగు పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుంటూ వెళ్లి సుమారు వెయ్యింటిని ప్రింట్లు వేశాడు. వాటిని గోడలకు అంటించి, నేల మీద పరిచి నెలల తరబడి చూస్తూ కూర్చున్నాడు. జెండాలు ఒకవైపు, కార్లు ఒకవైపు, మతానికి సంబంధించినవి ఒకవైపు పెట్టాడు. ఒకదాన్ని తీసి ఇంకోదాన్ని పెట్టడం, మళ్లీ మార్చడం. చివరికి 83 మిగిలాయి. 1958లో పారిస్‌లో, మరుసటి ఏడాది అమెరికాలో 'ది అమెరికన్స్' పేరుతో పుస్తకం వచ్చింది. మొదట్లో చాలామంది విమర్శకులు తిట్టిపోశారు. ఇవాళ ఫొటోగ్రఫీ నేర్చుకునే ప్రతి విద్యార్థికీ అది పాఠం.

ఆ పుస్తకంలో ఒక పేజీ మీద గుడ్డ కప్పి నిలిపి ఉంచిన కారు ఉంటుంది. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో తీసింది. పేజీ తిప్పితే అరిజోనాలో రోడ్డు ప్రమాదం. దుప్పటి కప్పిన శవాలు, చుట్టూ నిలబడిన మనుషులు. విడివిడిగా చూస్తే రెండు ఫొటోలు. వెంటవెంటనే చూస్తే గుండె ఝల్లుమంటుంది. కారును అంత ముద్దుగా కప్పుకునే దేశం, అదే కారు కింద పోయిన మనిషికీ అదే కప్పు కప్పుతోందని ఒక్క అక్షరం లేకుండా చెప్పాడు. మిగతా ఇరవై ఆరు వేల పైచిలుకు ఫొటోలు పక్కకు తప్పుకోబట్టే ఈ రెండూ పక్కపక్కకు రాగలిగాయి.

అంకెల్లో ఏరివేత

• న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో 1955లో ఎడ్వర్డ్ స్టైకెన్ 'ది ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్' ప్రదర్శన పెట్టారు. వచ్చినవి సుమారు 20 లక్షల ఫొటోలు. వడగట్టగా 10,000. గోడ ఎక్కినవి 503.

• వాటిని తీసినవారు 273 మంది. 68 దేశాల ఫొటోలు ఉన్నాయి. ఆ సంకలనం ఇప్పుడు లక్సెంబర్గ్‌లోని క్లెర్వో కోటలో శాశ్వతంగా ఉంది. 2003లో యునెస్కో 'మెమరీ ఆఫ్ ద వరల్డ్' జాబితాలో చేరింది.

• 1936లో డొరొతియా లాంగ్ కాలిఫోర్నియా బఠాణీ తోటల కూలీల శిబిరంలో ఒక తల్లిని, పిల్లల్ని కొద్దిపాటి ఫొటోలే తీశారు. అందులో ఒక్కటి 'మైగ్రెంట్ మదర్' పేరుతో అమెరికా మహామాంద్యానికే గుర్తయిపోయింది.

భూమి మొత్తానికి ఒక ఆల్బమ్

ఫొటోలు ఏరే పనుల్లో ఇప్పుడు చెప్పబోయేదంత విచిత్రమైనది మరొకటి లేదు. 1977లో నాసా రెండు వాయేజర్ నౌకలను అంతరిక్షంలోకి పంపడానికి సిద్ధమైంది. ఎప్పటికైనా ఎవరికైనా దొరికితే మన గురించి తెలియాలని వాటికి బంగారు పూత పూసిన రికార్డులు బిగించాలనుకున్నారు. శాస్త్రవేత్త కార్ల్ సేగన్ నాయకత్వంలో ఫ్రాంక్ డ్రేక్, ఆన్ డ్రూయన్, జాన్ లాంబర్గ్, టిమోతీ ఫెరిస్, లిండా సాల్జ్‌మన్ సేగన్ కూర్చున్నారు. చేతిలో ఉన్న గడువు కొద్ది వారాలే. ఆ రికార్డులో పట్టేది నూటికి కాస్త పైగా బొమ్మలు. ఇన్ని వేల ఏళ్ల మానవజాతిని, ఇంత నేలను, నీటిని, జంతువులను అందులో ఇరికించాలి.

చూసేవాళ్లకు మన గురించి ఏమీ తెలియదు. చెయ్యి అంటే ఏమిటో, నవ్వు అంటే ఏమిటో తెలియదు. అందుకని ప్రతి ఫొటో రెండు మూడు పనులు చేయాలని నియమం పెట్టుకున్నారు. మనుషులు ఎలా తింటారో, తాగుతారో చూపించే ఫొటో కావాల్సి వచ్చింది. తగినది దొరక్క వాళ్లే ఒకటి తీయించారు. ఒకరు ఐస్‌క్రీమ్ నాకుతుంటారు, ఒకరు శాండ్‌విచ్ కొరుకుతుంటారు, ఇంకొకరు కూజా ఎత్తి నీళ్లు తాగుతుంటారు. పత్రికలో వేసుకోదగ్గ అందమైన ఫొటో కాదది. చెప్పాల్సింది మాత్రం పొల్లుపోకుండా చెబుతుంది.

ఏం వద్దనుకున్నారో కూడా చూడాలి. యుద్ధం, రోగం, నేరం, పేదరికం చూపించే ఫొటోలు వద్దనుకున్నారు. మన చెడ్డతనం కన్నా మన మంచితనం నక్షత్రాల దాకా వెళ్లాలని వాళ్ల కోరిక. బట్టలు లేని స్త్రీ పురుషుల ఫొటో ఒకటి పెట్టాలనుకుంటే నాసా ఒప్పుకోలేదు. దాని బదులు నీడబొమ్మ వెళ్లింది. మన దేశం నుంచి తాజ్‌మహల్ వెళ్లింది, కిక్కిరిసిన రోడ్డూ వెళ్లింది. 55 భాషల్లో పలకరింపులు కూడా వెళ్లాయి. వాటిలో మన తెలుగు ఉంది. 2012లో వాయేజర్-1 సూర్యుడి ప్రభావ పరిధి దాటి నక్షత్రాల మధ్యకు చేరింది. ఆ కమిటీ ఏరిన ఫొటోలు ఇప్పుడక్కడ ఉన్నాయి.

ఆ ఎంపిక మీద ఎవరైనా వాదించవచ్చు. ఆకలిని దాచి పంపిన ఆల్బమ్ అబద్ధం కాదా అని అడగవచ్చు. ఆ ప్రశ్న అడగడానికి వీలైందంటే వాళ్లు ఒక నిర్ణయం తీసుకోబట్టే. ఏదీ వదలకుండా అన్నీ కుమ్మరించే ఆల్బమ్‌తో వాదన ఉండదు. అది ఏమీ చెప్పదు కాబట్టి.

పక్కన పెట్టిందే ప్రపంచమంతా తిరిగింది

ఏరేవాళ్లు తప్పు చేయరా? చేస్తారు. 1960 మార్చి 5న హవానాలో ఓడ పేలుడు మృతుల సంతాప సభ జరిగింది. 'రెవల్యూసియన్' పత్రిక ఫొటోగ్రాఫర్ అల్బెర్తో కోర్దా వేదిక మీది వాళ్లను తీస్తుండగా చే గువేరా క్షణకాలం ముందుకొచ్చి వెనక్కి వెళ్లాడు. దొరికినవి రెండే ఫ్రేములు. పత్రిక డెస్క్ కాస్ట్రో ఫొటోలు, సభకు వచ్చిన ఫ్రెంచి రచయితలు సార్త్ర్, సిమోన్ ద బువా ఫొటోలు తీసుకుని చే ఫొటోను పక్కన పెట్టింది. కోర్దాకు మాత్రం అది నచ్చింది. పక్కనున్న మనిషినీ, తాటాకులనూ కత్తిరించి, మొహం ఒక్కటే మిగిల్చి స్టూడియో గోడకు తగిలించుకున్నాడు. ఏళ్ల తర్వాత ఆ గోడ మీది ఫొటో ప్రపంచమంతా పాకింది. మన కాలేజీ హాస్టల్ గోడల మీద, టీషర్టుల మీద, సభల బ్యానర్ల మీద ఇప్పటికీ కనిపించేది అదే.

అమెరికా ప్రభుత్వ ఫొటో విభాగాన్ని 1930లలో నడిపిన రాయ్ స్ట్రైకర్ కథ ఇంకా కఠినమైనది. మహామాంద్యంలో పల్లెల బతుకును నమోదు చేయడానికి ఆయన మంచి మంచి ఫొటోగ్రాఫర్లను పంపాడు. అది గొప్ప పని. తనకు పనికిరావనుకున్న నెగెటివ్‌లకు మాత్రం పంచింగ్ మెషిన్‌తో బొక్క పొడిచేవాడు. బెన్ షాన్ వంటి ఫొటోగ్రాఫర్లు దీన్ని గట్టిగా తప్పుపట్టారు. ఆ నెగెటివ్‌లు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ప్రింట్ వేస్తే రైతు మొహం మీద, పొలం మీది ఆకాశంలో నల్లటి గుండ్రటి మచ్చ. ఈ రోజు పరిశోధకులు వాటిని వెతికి వెతికి చూస్తున్నారు. ఆనాడు అక్కర్లేదనుకున్న ముఖాలు, ఇళ్లు, పనిముట్లు ఇప్పుడు చరిత్ర.

ఈ రెండు కథలూ కలిపి చదివితే ఒక నియమం తేలుతుంది. ఎంచుకోవాలి, మిగతావాటిని చంపకూడదు. ఆల్బమ్ చిన్నదిగా ఉండాలి, పెట్టె పెద్దదిగా ఉండొచ్చు. ఇవాళ మనకు అక్కర్లేనిది రేపు మన పిల్లలకు కావలసి రావచ్చు.

ఏరకుండా వదిలేస్తే

గ్యారీ వినోగ్రాండ్ న్యూయార్క్ వీధుల్ని అద్భుతంగా తీసిన మనిషి. తీసిన వెంటనే కడిగితే ఆ క్షణపు సంబరం కళ్లకు కమ్ముతుందని, రీళ్లను ఏడాదో రెండేళ్లో ఆపి అప్పుడు చూసేవాడు. మంచి అలవాటే. చివరి ఏళ్లలో మాత్రం చూడటం వెనకబడి తీయడమే మిగిలింది. 1984లో కన్నుమూసేనాటికి కడగని రీళ్లు సుమారు 2,500. కడిగినా కాంటాక్ట్ షీట్ వేయనివి మరో 6,500. వాటిని చూసే భారం స్నేహితుల మీద, మ్యూజియం మీద పడింది. ఆయన ఏది ఉంచేవాడో, ఏది తీసేసేవాడో చెప్పగలవాళ్లు లేరు.

ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ 1955లో పిట్స్‌బర్గ్ నగరం గురించి మూడు వారాల్లో వంద ఫొటోలు తీసివ్వడానికి ఒప్పుకుని వెళ్లాడు. ఉక్కు కొలుములు, వీధుల పేర్లు, కార్మికుల ముఖాలు ఆయన్ను వదల్లేదు. వేలకు వేలు తీశాడు. ఆ నగరం మొత్తాన్నీ ఒకే కథనంలో చెప్పాలన్న తపనతో ఏళ్ల తరబడి పేర్చాడు, తీసేశాడు, మళ్లీ పేర్చాడు. ఇంట్లో డబ్బుకు కటకట వచ్చింది, ఆరోగ్యం దెబ్బతింది. 1959లో ఒక పత్రిక ప్రత్యేక సంచికలో కొన్ని పదుల ఫొటోలు వచ్చాయి గానీ అది ఆయన అనుకున్నట్టు రాలేదు. అంతటి కళాకారుణ్ణి కూడా ఏరలేకపోవడం ఎలా కుంగదీసిందో చూస్తే, టీవీ ముందు చాప మీద కూర్చున్న కుటుంబం మీద జాలి కలగక మానదు.

డెస్క్ మీద తీర్పు

పత్రికల్లో ఈ పని గడియారంతో పోటీ. 1972 జూన్ 8న వియత్నాంలోని ట్రాంగ్ బాంగ్ ఊరి మీద నాపామ్ బాంబు పడింది. ఒళ్లు కాలి, బట్టలు ఊడిపోయి రోడ్డు మీద పరుగెత్తుకొస్తున్న తొమ్మిదేళ్ల కిమ్ ఫుక్ ఫొటో అసోసియేటెడ్ ప్రెస్ సైగాన్ కార్యాలయానికి చేరింది. ఒంటి మీద బట్టల్లేని పిల్ల ఫొటో పంపకూడదని నియమం ఉందంటూ ఒక ఎడిటర్ పక్కన పెట్టబోయాడు. ఫొటో విభాగం పెద్ద హోర్స్ట్ ఫాస్ చూసి, నియమం కన్నా ఈ నిజం పెద్దదని పట్టుబట్టి పంపించాడు. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ వచ్చింది. కెమెరా నొక్కిన చేతికి ఎంత పేరు వస్తుందో, ఆ కాగితాన్ని చెత్తబుట్టలో పడకుండా ఆపిన చేతికీ అంత రావాలి.

మన పత్రికల ఫొటో డెస్కుల్లో కూడా రోజూ ఇలాంటి తీర్పులు జరుగుతాయి. గోదావరి వరద వచ్చిన రోజు నీట మునిగిన గుడి గోపురం వేయాలా, ట్రాక్టర్ మీద పుస్తకాల సంచి ఎత్తిపట్టుకున్న అమ్మాయిని వేయాలా? మొదటిది వరద ఎంతో చెబుతుంది. రెండోది వరద ఎవరికో చెబుతుంది. మొదటి పేజీలో ఒక్కదానికే చోటు.

ఆల్బమ్‌లో ఎవరున్నారు, ఎవరు లేరు?

మళ్లీ పెళ్లింటికి వద్దాం. ఇప్పటి ఆల్బమ్ తెరిస్తే సగం పేజీలు రిసెప్షన్ వేదికే. వధూవరులు మధ్యలో అలాగే నిలబడి ఉంటారు, పక్కన మనుషులు మారుతుంటారు. ఎమ్మెల్యే వచ్చిన ఫొటోకు పూర్తి పేజీ. రెండు వేల మందికి వండిన వంటమనిషి ఎక్కడా లేడు. తెల్లవారుజాము నుంచి బుగ్గలు పొంగించి సన్నాయి ఊదినవాళ్లు ఒక మూల మసగ్గా ఉంటారు. అరివేణి కుండలు రంగులద్ది తెచ్చినాయన, మూడు రోజులు ఇల్లు ఊడ్చి గిన్నెలు కడిగినావిడ కెమెరా కంటికి ఆనరు.

ఇది ఫొటోగ్రాఫర్ తప్పు అనడం తేలిక. ఆయన తీసిన నాలుగు వేలల్లో వాళ్లు ఉండే ఉంటారు. నంబర్లు రాసేటప్పుడు మన వేలు వాళ్లను దాటిపోతుంది. చామనఛాయ అత్తయ్య ఫొటో పక్కకెళ్లి, మేకప్ బాగా అంటిన అత్తయ్య ఫొటో ముందుకొస్తుంది. ఉంచినవాళ్ల ఒంటిరంగు కూడా డిజైనర్ చేతిలో రెండు ఛాయలు తెల్లబడుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఆల్బమ్ చూసే పిల్లలకు తమవాళ్ల అసలు రంగు తెలియదు, పెళ్లి నడిపించిన చేతులూ తెలియవు. ఏ ఇంట్లో ఎవరికి ఎంత విలువ ఉందో ఆ ఇంటి ఆల్బమ్ చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు.

దూరదేశాల్లో పిల్లలున్న ఇళ్లలో ఇంకో తీరు. డల్లాస్‌లో మనవరాలి పుట్టినరోజు అయితే గుంటూరులో అమ్మమ్మ వాట్సాప్‌లో నూటయాభై ఫొటోలు వచ్చి పడతాయి. కేక్ కోసేవే ముప్పై. ఆవిడ పైనుంచి కిందికి వేలితో జరుపుతూ పోతుంది, ఏదీ మనసులో నిలవదు. అదే ఆ కూతురు నాలుగు ఫొటోలు ఏరి, ఒక్కోదాని కింద ఒక్కో ముక్క రాసి పంపితే? "ఇది నువ్వు కుట్టిన పట్టులంగానే అమ్మా" అని రాస్తే ఆవిడ ఆ ఫొటోను వీధిలో నలుగురికీ చూపిస్తుంది.

పటం కట్టించే ఫొటో

ఇంట్లో పెద్దాయన పోతాడు. సాయంత్రానికల్లా ఫ్లెక్సీ వేయించాలి. పెద్దకర్మ నాటికి పటం కట్టించాలి. కొడుకులు, కోడళ్లు, మనవలు తమ తమ ఫోన్లు తీస్తారు. అన్నిట్లో కలిపి లక్ష ఫొటోలున్నా ఉంటాయి. పెద్దాయన ఒక్కడే, నిటారుగా, ఎదురుగా చూస్తున్న ఫొటో మాత్రం దొరకదు. ఒకదాంట్లో ఆయన ఎవరి వెనకో ఉంటాడు. ఇంకోదాంట్లో తల వంచుకుని అన్నం తింటుంటాడు. చివరికి ఏదో పెళ్లి గుంపులోంచి ఆయన తల కత్తిరించి, వెనక నీలిరంగు పెట్టించి, వేసుకోని కోటు తొడిగించి పటం కట్టిస్తారు. ఇలాంటి పటాలు తెలుగు ఇళ్లల్లో ఎన్ని గోడల మీద ఉన్నాయో!

అమెరికాలోని ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త లిండా హెంకెల్ 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. మ్యూజియంలో కొన్ని వస్తువులను ఫొటో తీయమని, కొన్నిటిని ఊరికే చూడమని విద్యార్థులకు చెప్పారు. ఫొటో తీసినవాటికన్నా కళ్లతో చూసినవే వాళ్లకు బాగా గుర్తున్నాయి. కెమెరా గుర్తుపెట్టుకుంటుందిలే అని మనసు వదిలేస్తుందన్నమాట. వదిలేసినదాన్ని తిరిగి పట్టుకోవాలంటే తీసినవాటి దగ్గరికి మళ్లీ వెళ్లి కూర్చోవాలి. లక్ష ఫొటోల దగ్గరికి ఎవరూ వెళ్లరు. నలభై ఫొటోల దగ్గరికి వెళ్తారు.

యంత్రం ఏరగలదా?

కొంతవరకు ఏరగలదు. ఒకేలాంటి ఫొటోలను ఫోన్లు ఇప్పుడు ఒకే కుప్పగా చూపిస్తున్నాయి. కళ్లు మూసుకున్నవి, వణికినవి, చీకటిగా వచ్చినవి పక్కన పెట్టే సాఫ్ట్‌వేర్లను పెళ్లి ఫొటోగ్రాఫర్లు వాడుతున్నారు. రాత్రుళ్లు నిద్రమానుకుని చేసే చాకిరీ దానివల్ల తగ్గుతుంది, మంచిదే. అయితే అలాంటి సాఫ్ట్‌వేర్ చేతికి ఇస్తే కన్యాదానం ఫొటోల్లో మొట్టమొదట పోయేది ఆ నాయనమ్మ ఫొటోయే. మసక, సగం మొహం, అడ్డం భుజం. యంత్రం లెక్కలో అన్నీ తప్పులే. ఆవిడ ఎవరో ఆ ఇంట్లో వాళ్లకు మాత్రమే తెలుసు. యంత్రం చేత చెత్త ఎత్తించవచ్చు, సింహాసనం మీద ఎవరిని కూర్చోబెట్టాలో దాన్ని అడగకూడదు.

ఇంట్లో ఏరేటప్పుడు...

• మొదటి విడత వేగంగా చూడండి. ఒక్కో ఫొటో దగ్గర ఆగి చర్చ పెట్టొద్దు. కన్ను ఆగిన చోట గుర్తు పెట్టి ముందుకు వెళ్లండి.

• రెండో విడతకు కొన్ని రోజుల ఎడం ఇవ్వండి. పెళ్లి హడావుడి చల్లారాక చూసే చూపు వేరు.

• ఒక ఘట్టానికి ఒక ఫొటో. తలంబ్రాలవి అరవై ఉంటే పక్కపక్కన పెట్టి పోటీ పెట్టండి.

• తీయడానికి పడ్డ కష్టాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. గంట ఎదురుచూసి తీసినదైనా చూసేవారికి ఏమీ చెప్పకపోతే అది ఆల్బమ్‌కు అక్కర్లేదు.

• ఆ వేడుకకు రానివాళ్లకు ఒకసారి చూపించండి. వాళ్లు ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ దాటేస్తున్నారో గమనించండి.

• ఉండి తీరాల్సిన మనుషుల పేర్లు ముందే కాగితం మీద రాసుకోండి. పెద్దవాళ్లు, పనిచేసినవాళ్లు, దూరం నుంచి వచ్చినవాళ్లు. మసకైనా సరే వాళ్ల ఫొటో ఒకటి ఉండాలి.

• మిగిలినవాటిని చెరపొద్దు. రెండు వేర్వేరు చోట్ల దాచి, పెట్టె మీద పేరు, సంవత్సరం రాయండి.

ఏడాదికి ఒక రీలు

ఇంత చెప్పాక ఒక ప్రతిపాదన. ప్రతి సంక్రాంతికి ఇంటిల్లిపాదీ ఒకచోట చేరతాం. ఆ మూడు రోజుల్లో ఒక మధ్యాహ్నం దీనికి కేటాయిద్దాం. గడిచిన ఏడాదిలో అందరి ఫోన్లలో ఉన్న ఫొటోల్లోంచి 36 ఏరుదాం. పాత రీలుకు పట్టినన్ని. అంతకు ఒక్కటి కూడా ఎక్కువ వద్దు. పిల్లలకూ ఓటు ఇద్దాం, తాతయ్యకూ ఓటు ఇద్దాం. ఎందుకు ఉంచాలో, ఎందుకు వద్దో ఎవరికి వారు చెప్పాలి. ఆ వాదనల్లోనే ఏడాదంతా మళ్లీ మన ముందు నడుస్తుంది. ఎవరికి ఏది ముఖ్యమో ఒకరికొకరం తెలుసుకుంటాం. పదేళ్ల మనవడు, తాతయ్య సైకిల్ మీద వెళ్తున్న ఫొటో కావాలని పట్టుబడితే ఆ తాతయ్యకు అంతకన్నా కావలసింది లేదు.

36 ఏరాక ప్రింట్లు వేయిద్దాం. వెనకవైపు తేదీ, ఊరు, అందులో ఉన్నవాళ్ల పేర్లు పెన్‌తో రాద్దాం. పాతికేళ్లలో అవి తొమ్మిది వందల ఫొటోలవుతాయి. ఒక సాయంత్రం కూర్చుని చూడగలిగినన్ని. పేర్లు రాసి ఉన్న ఆ తొమ్మిది వందలూ, తాళం తెలియని ఫోన్లలో ఉండిపోయే లక్ష కన్నా ఒక కుటుంబం గురించి ఎంతో ఎక్కువ చెబుతాయి. ఏది ముఖ్యమో తేల్చే పనిని మన తర్వాతివాళ్ల నెత్తిన పడేయకుండా, ఆ మనుషులు ఎదురుగా ఉన్నప్పుడే, వాళ్లను అడిగి, వాళ్ల చేతే పేర్లు రాయించి చేసుకోవడం మన బాధ్యత. వచ్చే సంక్రాంతికే మొదలుపెడదాం.